పాత జీపును ఇంటి షెడ్డులోనే బాగుచేయడం ఎలా: సీజే-3బీ పని, వరుస ప్రకారం

ఉత్తర తెలంగాణలో పాత మహీంద్రా జీపు దొరకడం కష్టం కాదు. ములుగు, నర్సంపేట, మంథని దిక్కు రైసుమిల్లుల వెనక, మామిడి తోటల్లో, టైర్లు సగం భూమిలోకి దిగబడినవి ఇంకా ఉన్నాయి. దాన్ని మధ్యలో వదిలేయకుండా రోడ్డెక్కించడమే కష్టం. సగంలో ఆగిపోయే జీపులు చాలావరకు ఒకే తీరుగా ఆగుతాయి. మొదటి వారంలో అంతా విప్పేస్తారు, మెరుపు చూడాలని ముందు రంగు కొట్టిస్తారు, బ్రేకులూ ఇంజినూ మొదలుపెట్టేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోతాయి. అందుకే ఇక్కడి వరుస వేరే: కాగితాలు, ఛాసిస్, బ్రేకులు, స్టీరింగ్, ఇంజిన్, గేర్లు, వైరింగ్, అన్నీ అయ్యాక రంగు.

కింద ఇచ్చిన కొలతలు పెట్రోలు సీజే-3బీవి. అంటే ఎత్తు బానెట్టు, 2.2 లీటర్ల ఎఫ్-హెడ్ హరికేన్ ఇంజిన్, టి-90 మూడు గేర్ల బాక్సు, స్పైసర్ 18 ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఉన్న బండి. ఎంఎం 540 లాంటి ప్యూజో డీజిల్ బండ్లకు ఛాసిస్, వైరింగ్, రంగు పని ఇదే తీరు. ఇంజిన్ కొలతలు మాత్రం వాటికి పనికిరావు.

కొనే ముందు: కాగితం, టేపు

ఆర్సీ లేని జీపును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. నంబరు మీద జంగు ఉంటే గ్రైండర్ పెట్టొద్దు. డీజిల్‌లో తడిపిన గుడ్డతో, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తుడిచి, ఫోటో తీసి, పెన్సిల్ ప్రింట్ కూడా తీసి పెట్టుకోండి. ఛాసిస్ పని అయ్యాక ఆ నంబరు చెరిగిందని తేలితే ఆర్టీఏ ఆఫీసులో సమాధానం చెప్పుకోవడం చాలా కష్టం.

ఏపీ 36 (పాత వరంగల్ జిల్లా) ప్లేటుతో ఉన్న బండ్లలో చాలావాటికి రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి, ఫారం 25తో రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. పేరు మార్పుకు ఫారం 29, 30. గతంలో ప్రభుత్వ వేలంలో కొన్న జీపు అయితే, వేలంలో కొన్నవారి పేరుకు ఫారం 32తో మారిందో లేదో చూడండి. చాలామంది ఆ పని చేయకుండానే చేతులు మార్చారు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ లేదు, అవి స్క్రాప్‌కే పోవాలి. కాబట్టి ఇప్పుడు ఏదో శాఖ యార్డులో కనిపించిన జీపు మీద ఆశ పెట్టుకోవద్దు.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దారి కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం కొత్త నమోదుకు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారి ఉండకూడదు. పైగా ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, డీజిల్-పెట్రోలు పోయించుకోవడానికి తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. వారం వారం పాకాల చెరువు దాకా పోయిరావాలనుకునేవాళ్లకు మామూలు ఆర్సీయే మేలు. మన దగ్గర పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ వేసిన జీపులు ఎక్కువ. ఆ మార్పు ఆర్సీలో ఎక్కిందో లేదో తప్పక చూడండి.

కాగితం సరిపోతే టేపు తీయండి. సీజే-3బీ ముందు హబ్ నడుమ నుంచి వెనక హబ్ నడుమకు 80 అంగుళాలు, అంటే 2,032 మి.మీ. ఉండాలి. సవారీలు కొట్టిన జీపుల్లో ఛాసిస్ కోసి పొడుగు చేసినవి ఉంటాయి. కొలత ఎక్కువ వస్తే బాడీ ఎంత బాగున్నా వదిలేయడమే మంచిది. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో ఛాసిస్‌ను పొడిచి చూడండి. వెనక క్రాస్ మెంబర్, కమాన్ కట్టల హ్యాంగర్లు, ముందు బంపర్ బిగించే కొమ్ములు, రేకు మీద రేకు కూర్చున్న ప్రతి చోటూ చూడాలి. నల్లరేగడి మట్టి అక్కడ చేరితే నెలల తరబడి తడి వదలదు. మొన లోపలికి దిగిన చోట కొత్త ఇనుము వేయాల్సిందే.

చోటు, పనిముట్లు

పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు, గట్టి సిమెంటు నేల ఉంటే చాలు. నేల మెత్తగా ఉంటే జాకీ స్టాండ్ల కింద అర అంగుళం ఇనుప ప్లేట్లు వేయండి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి కిందికి, ఇటుకల మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు. మూడు టన్నుల స్టాండ్లు నాలుగు కొనండి.

ఇంజిన్ లేపడానికి ఒక టన్ను చైన్ బ్లాక్ సరిపోతుంది. దాన్ని ఫ్యాన్ కొక్కేనికో, షెడ్డు పైపుకో వేలాడదీయొద్దు. ఇంజిన్, గేర్‌బాక్సు కలిస్తే రెండు క్వింటాళ్ల పైమాటే. మూడు అంగుళాల పైపుతో మూడు కాళ్ల స్టాండు చేయించుకుంటే, పని అయ్యాక బావి మోటారు లేపడానికీ పనికొస్తుంది.

పానల విషయంలో చాలామంది మొదటి రోజే దెబ్బ తింటారు. ఈ జీపుకు అంగుళాల పానలు కావాలి: 7/16, 1/2, 9/16, 5/8, 3/4. మిల్లీమీటర్ల పాన పెడితే కొద్దిగా లూజుగా పట్టి, జంగు పట్టిన నట్టు మూలలు గుండ్రంగా చేసేస్తుంది. బోల్టులదీ అదే కథ. 5/16 అంగుళం బోల్టు దాదాపు 8 మి.మీ. కాబట్టి ఎం8 బోల్టు మొదటి రెండు చుట్లు ఎక్కుతుంది. ఆ తర్వాత బలంగా తిప్పితే లోపలి థ్రెడ్డు కోసుకుపోతుంది. వరంగల్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేవి ఎక్కువగా మిల్లీమీటర్ల బోల్టులే. హైదరాబాద్ రాణిగంజ్‌లో అంగుళాల యూఎన్ఎఫ్ (సన్న థ్రెడ్డు) బోల్టులు, గ్రేడ్ 5వి, 5/16, 3/8, 7/16 సైజుల్లో ఒకేసారి కిలోల లెక్కన తెచ్చుకోండి.

ఇవి కాక టార్క్ పాన, ఫీలర్ గేజి, హబ్ పుల్లర్, గ్రీజు గన్, కంప్రెషన్ గేజి, 4 అంగుళాల గ్రైండర్ ఉండాలి. మిగ్ వెల్డింగ్ మిషన్ కొనకపోయినా ఫర్వాలేదు, రోజు లెక్కన అద్దెకు దొరుకుతుంది.

విప్పడం

విప్పకముందు రెండు వందల ఫోటోలు తీయండి. ముఖ్యంగా వైర్లు, బ్రేకు పైపులు పోయే దారి, కార్బురేటర్ రాడ్లు, షిమ్ములు (సందు సరిచేసే పలచటి రేకులు) ఉన్న చోట్లు. ప్రతి భాగం నట్లు బోల్టులు వేర్వేరు జిప్ కవర్లలో వేసి, కవరు మీద మార్కర్‌తో భాగం పేరు రాయండి. కాగితం చీటీ లోపల వేస్తే నూనెకు కరిగిపోతుంది.

జంగు పట్టిన బోల్టుల మీద అసిటోన్, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) నూనె సమానంగా కలిపి రోజుకు రెండుసార్లు, మూడు రోజులు చల్లండి. అప్పటికీ రాకపోతే గ్యాస్ మంటతో నట్టును ఎర్రబడేదాకా కాల్చి, కాస్త చల్లారాక తిప్పాలి. పెట్రోలు ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. మంట ముట్టించే ముందు దాన్ని తీసి షెడ్డు బయట పెట్టండి.

పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు తిరుగుడువి. స్టడ్ చివర ‘ఎల్’ అక్షరం ఉందో లేదో తుడిచి చూడండి. ఇది తెలియక నాలుగడుగుల పైపు తొడిగి స్టడ్లు విరగ్గొట్టేవాళ్లు చాలామంది.

మిగతాది సులువే. బానెట్, రేడియేటర్, మడ్‌గార్డులు, సీట్లు, స్టీరింగ్ కాలమ్, తర్వాత బాడీ బోల్టులు. ఆరుగురు మనుషులుంటే టబ్, అంటే ఉత్త బాడీ, చేతులతోనే లేస్తుంది. లేపే ముందు డోరు ఖాళీల దగ్గర అడ్డంగా రెండు యాంగిల్ ముక్కలు టాక్ వెల్డింగ్ చేయండి. ఫ్లోరు కుళ్లిన టబ్‌ను అలాగే లేపితే నడుం దగ్గర వంగుతుంది, మళ్లీ కొలతకు రాదు.

ఛాసిస్, జంగు

ఉత్త ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద మట్టంగా నిలిపి, ఒకే రకం రంధ్రాల నుంచి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతల తేడా 6 మి.మీ. మించితే ఛాసిస్ వంకర పోయినట్టే. లారీ ఛాసిస్‌లు సరిచేసే షెడ్డుకు తీసుకుపోండి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు.

పగుళ్లు స్టీరింగ్ బాక్సు బిగించే చోట, కమాన్ కట్టల హ్యాంగర్ల పక్కన ఎక్కువగా వస్తాయి. పగులు రెండు చివర్లా 3 మి.మీ. రంధ్రం వేయండి, లేకపోతే వెల్డింగ్ తర్వాత కూడా పగులు ముందుకు పాకుతుంది. పగులును ‘వీ’ ఆకారంలో గ్రైండ్ చేసి, ఈ7018 రాడ్డుతో నింపి, మీద 3 మి.మీ. ప్లేటు వేయాలి. ఆ ప్లేటు చివర్లు ఏటవాలుగా కోసి ఉండాలి. ఛాసిస్‌కు అడ్డంగా నిటారు గీతలా వెల్డింగ్ చేస్తే కొన్ని నెలల్లో ఆ గీత పక్కనే విరుగుతుంది. 7018 రాడ్డు వానాకాలం తేమ పీలిస్తే వెల్డింగ్‌లో గాలి గుంటలు పడతాయి. ప్యాకెట్ విప్పాక మూతపెట్టిన డబ్బాలో ఉంచండి.

చిన్న భాగాల జంగుకు ఇంట్లోనే చేయగలిగే మంచి పద్ధతి ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ డ్రమ్ములో 10 లీటర్ల నీళ్లకు 50 గ్రాముల బట్టల సోడా కలపండి. భాగాన్ని 12 వోల్టుల చార్జర్ నెగెటివ్‌కు, పక్కన ఒక పనికిరాని ఇనుప రేకును పాజిటివ్‌కు కలపండి, రెండూ తగలకూడదు. ఒక రాత్రికి జంగు నల్లటి మసిలా ఊడి వస్తుంది. పాజిటివ్ వైపు స్టీలు గిన్నె, స్టెయిన్‌లెస్ ముక్క పెట్టొద్దు, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. తీసిన గంటలోపే ఆరబెట్టి ప్రైమర్ కొట్టకపోతే మళ్లీ ఎర్రబడుతుంది.

ఛాసిస్‌కు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, మీద నల్ల ఎనామెల్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేస్తే రెండు వానలకే కింది నుంచి పొక్కులు వస్తాయి, అది తేమను ఆపదు.

బ్రేకులు

ఇక్కడ పాత భాగం ఏదీ ఉంచొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పాక కంప్రెషర్ గాలి కొట్టొద్దు, మాస్కు పెట్టుకుని తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

వెనక హబ్ షాఫ్టు మీద ఏటవాలుగా కూర్చుని, తాళం చెక్కతో (గాడిలో కూర్చునే ఇనుప కీ) ఆగుతుంది. దానికి హబ్ పుల్లర్ తప్పనిసరి. పుల్లర్ లేదని షాఫ్టు చివర సుత్తితో కొడితే థ్రెడ్డు పోవడమే కాదు, ఆ దెబ్బ లోపలి బేరింగుల దాకా పోతుంది. పుల్లర్ బిగించి, దాని తల మీద ఒక దెబ్బ వేసి, కాసేపు వదిలేయండి. ఒక్కోసారి తెల్లారేసరికి తనంతట తనే ఊడి ఉంటుంది.

మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్ల లోపల వేలు పెట్టి చూడండి. గుంటలు తగిలితే రబ్బరు కిట్ మార్చి లాభం లేదు, రెండు నెలల్లో మళ్లీ కారుతుంది. కొత్త సిలిండర్ వేయాలి. డ్రమ్మును లేత్ మీద తిప్పించేటప్పుడు ఒక ఆక్సిల్ మీది రెండు డ్రమ్ములూ ఒకే సైజు చేయించండి, తేడా ఉంటే బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకు లాగుతుంది.

పైపులు 3/16 అంగుళం ఉక్కువే వేయాలి, చివర డబుల్ ఫ్లేర్‌తో (పైపు అంచును రెండు మడతలుగా విప్పడం). మన షెడ్లలో రాగి పైపుకు సింగిల్ ఫ్లేర్ కొట్టి బిగించే అలవాటు ఉంది. రాగి అదురుకు గట్టిపడి ఆ ఫ్లేర్ దగ్గరే పగులుతుంది. ఈ జీపులో మాస్టర్ సిలిండర్ ఒకే సర్క్యూట్‌ది, ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది.

డాట్ 3 లేదా డాట్ 4 ఫ్లూయిడ్ పోసి గాలి తీయండి. మాస్టర్ సిలిండర్‌కు దూరమైన చక్రం నుంచి దగ్గరికి రావాలి. కుడి స్టీరింగ్ బండికి ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. పెడల్ మీద అర అంగుళం ఖాళీ కదలిక ఉండాలి. అది లేకపోతే మాస్టర్ సిలిండర్‌లో ఫ్లూయిడ్ తిరిగొచ్చే చిన్న రంధ్రం మూసుకుని, పది కిలోమీటర్లు పోయేసరికి బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి, డ్రమ్ములు కాలిపోతాయి. కొత్తగా కట్టిన జీపుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

ముందు ఆక్సిల్, స్టీరింగ్

ముందు చక్రాల దగ్గర గుండ్రటి నకిల్ గోళాలుంటాయి. వాటి మీద జంగు గుంటలు పడితే కొత్త సీలు కూడా నూనె ఆపదు. చిన్న గుంటలైతే ఎపాక్సీతో నింపి, 400 నంబరు ఎమరీతో నునుపు చేయండి. కింగ్ పిన్ బేరింగులు నాలుగూ మార్చి, పైనా కిందా షిమ్ములు ఏ మందానివి తీశారో ఆ మందానివే పెట్టి మొదలుపెట్టండి. లూజు అసలు ఉండకూడదు, అలాగని చేత్తో తిప్పలేనంత బిగువూ ఉండకూడదు.

వీల్ బేరింగ్ నట్టును చక్రం తిప్పుతూ బిగువు వచ్చేదాకా బిగించి, ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, లాక్ వేయండి. టో-ఇన్, అంటే చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరగడం, 1 నుంచి 2.5 మి.మీ. మధ్య చాలు.

యాభై స్పీడులో స్టీరింగ్ వణుకుతుంటే చాలామంది స్టీరింగ్ బాక్సునే అనుమానిస్తారు. ముందు టైర్ల గాలి, బ్యాలెన్సింగ్, తర్వాత కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, ముందు క్రాస్ మెంబర్ మీది బెల్ క్రాంక్ బుష్షు, షాకిల్ బుష్షులు ఈ వరుసలో చూడండి. అరిగిన బెల్ క్రాంక్ పిన్ను ఒక్కటి మారిస్తేనే సగం వణుకు పోతుంది.

ఇంజిన్

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టి తిప్పొద్దు. ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో 50 మిల్లీలీటర్ల డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి పోసి, వారం వదిలేయండి. తర్వాత స్టార్టింగ్ హ్యాండిల్‌తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించండి. కదిలితే అదృష్టం. తిరగడం మొదలైతే కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రోటిల్ పూర్తిగా తెరిచి చూస్తే 120 నుంచి 130 పీఎస్ఐ రావాలి, సిలిండర్ల మధ్య తేడా 10 మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచా నూనె పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు పోయాయి, పెరగకపోతే వాల్వులు.

విప్పాక సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) కొలిపించండి. గుండ్రదనంలో 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), పై నుంచి కిందికి 10 థౌ కన్నా ఎక్కువ తేడా ఉంటే రీబోర్ తప్పదు. మామూలు బోరు 3.125 అంగుళాలు. పిస్టన్లు చేతికి రాకముందు బోరు చేయించొద్దు. షాపువాళ్లు చెప్పిన సైజుకూ వచ్చిన పిస్టన్ సైజుకూ తేడా ఉంటే బ్లాకు మళ్లీ లేత్‌కే పోతుంది.

బ్లాకు నీళ్ల దారులు శుభ్రం చేయకుండా ఎప్పుడూ కట్టొద్దు. వెల్ష్ ప్లగ్గులు (నీళ్ల దారుల గుండ్రటి రేకు మూతలు) అన్నీ తీసి, ఇనుప తీగతో గోకి, నీళ్ల పైపుతో కడగండి. మన బోరుబావి నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఏళ్ల తరబడి పోసిన ఆ నీళ్ల సున్నం, జంగు మడ్డి నాలుగో సిలిండర్ వెనక చేరి గట్టిపడుతుంది. అది తీయకపోతే రామగుండం ఎండల్లో రేడియేటర్ కొత్తదైనా ఇంజిన్ వేడెక్కుతుంది. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి, మొత్తం సుమారు 11 లీటర్లు పడుతుంది.

బిగింపులు ఇవి: సిలిండర్ హెడ్ 60–70 పౌండ్-అడుగులు (81–95 న్యూటన్ మీటర్లు), మెయిన్ బేరింగులు 65–75, రాడ్ బేరింగులు 35–45. హెడ్‌ను నడుమ నుంచి బయటికి, మూడు విడతల్లో బిగించాలి. ఒక బోల్టు కార్బురేటర్ కింద దాక్కుని ఉంటుంది, దాన్ని మరిచిపోతే గాస్కెట్ ఆ చోటే పోతుంది.

ఎఫ్-హెడ్ అంటే ఇన్లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్లెట్ 18 థౌ, ఎగ్జాస్ట్ 16 థౌ. ఎగ్జాస్ట్‌వి పక్క మూత తీసి, రెండు సన్నటి టాపెట్ పానలతో పెట్టాలి. ఇరుకు పని కాబట్టి చాలామంది మెకానిక్‌లు పైవి మాత్రమే పెట్టి, కిందివి వదిలేస్తారు. ఆ గ్యాపు తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మూత దగ్గరుండి తీయించండి.

పాయింట్ల గ్యాపు 20 థౌ, ప్లగ్గు గ్యాపు 30 థౌ, టైమింగ్ 5 డిగ్రీలు ముందు, ఫైరింగ్ వరుస 1-3-4-2.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20 పెట్రోలు. అందులోని ఇథనాల్ పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రంను మెత్తబరిచి పగలగొడుతుంది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకానివి, పంపుకు కొత్త కిట్ వేయండి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపే బండి ట్యాంకులో పెట్రోలు వదిలేయొద్దు. ట్యాంకు చిల్లుకు ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఎంత కడిగినా మిగిలిన ఆవిరి పేలడానికి చాలు. రేడియేటర్ షాపులో సోల్డరింగ్ చేయిస్తే సరిపోతుంది.

గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు

స్పైసర్ 18లో మొదట చూడాల్సింది ఇంటర్మీడియట్ షాఫ్టు. అది అరిగితే కేసు రంధ్రం కూడా సాగుతుంది, ఎన్ని సీళ్లు మార్చినా నూనె కారుతుంది, లో గేరు ఎగిరిపడుతుంది. షాఫ్టు, నీడిల్ బేరింగులు, థ్రస్ట్ వాషర్లు సెట్టుగా మార్చండి. టి-90లో రెండో గేరు ఎగిరితే సింక్రో రింగుతో పాటు ఫోర్క్ అరుగుదల, వెనక బేరింగు లూజు కూడా చూడాలి. రింగు ఒక్కటి మార్చి మూసేస్తే మళ్లీ ఎగురుతుంది.

గేర్‌బాక్సులో జీఎల్-4, ఎస్ఏఈ 90 నూనె సుమారు 0.7 లీటరు. జీఎల్-5 కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగులను తింటాయి, దాన్ని ముందు వెనక ఆక్సిల్ హౌజింగులకే వాడండి, ఒక్కోదానికి సుమారు 1.2 లీటర్లు. ట్రాన్స్‌ఫర్ కేసుకు ఒకటిన్నర లీటరు పడుతుంది. ఎన్ని లీటర్లన్నది గుర్తుకు మాత్రమే, బండిని మట్టం నేల మీద నిలిపి ఫిల్లర్ రంధ్రం అంచుదాకా రావాలి. గేర్‌బాక్సు నూనె మెల్లగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి జారడం ఈ బండ్లలో మామూలే, నెలకోసారి రెండూ చూడండి.

వైరింగ్

పాత హార్నెస్‌కు ముక్కలు అతికించొద్దు, కొత్తది వేయండి. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు 35 చదరపు మి.మీ. కేబుల్, హెడ్‌లైట్లకు 2.5, మిగతావాటికి 1.5. హెడ్‌లైట్లు రిలే మీద నడిపిస్తే పాత స్విచ్ కాలదు. రంగు వేసిన తర్వాత లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయంటే, తొంభై శాతం ఎర్త్ సమస్యే. ఎర్త్ బోల్టు కింద రంగు గోకి, కంటికి ఇనుము కనిపించేలా చేసి, పైన గ్రీజు రాయండి. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన రాగి పట్టీ తప్పనిసరి. అది లేకపోతే సెల్ఫ్ కరెంటు చోక్ వైరు, స్పీడోమీటర్ కేబుల్ గుండా పోయి వాటిని కాల్చేస్తుంది.

బాడీ, రంగు

ఫ్లోరుకు, పక్కలకు 18 గేజి (1.2 మి.మీ.) సీఆర్ రేకు. కుళ్లినదాని మీద రేకు పరిస్తే మధ్యలో తడి చేరి అది కూడా కుళ్లుతుంది. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అంచుకు అంచు కలిపి మిగ్‌తో, 0.8 మి.మీ. తీగతో, ఒక చోట రెండు సెంటీమీటర్లు, తర్వాత ఎదురు చివర రెండు సెంటీమీటర్లు వెల్డింగ్ చేయాలి. వరుసగా లాగితే రేకు అప్పడంలా వంకర పోతుంది. ఆర్క్ వెల్డింగ్ ఈ మందానికి రంధ్రాలు చేస్తుంది. పుట్టీ 2 మి.మీ. మించొద్దు. జీపు అదురుకు మందపు పుట్టీ రేకుల్లా ఊడుతుంది.

రంగు పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. వానాకాలం తేమకు తడి రంగు మీద తెల్లటి పొగలాంటి మసక పడుతుంది. మే ఎండలో థిన్నర్ గన్ నుంచి రేకును చేరేలోపే ఆరిపోయి, నారింజ తొక్కలాంటి గరుకు వస్తుంది. రెండు భాగాలు కలిపే పీయూ రంగులో ఐసోసయనేట్ ఉంటుంది. మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఊపిరితిత్తులకు ప్రమాదం. ఇంట్లో కొట్టేట్టయితే సింథటిక్ ఎనామెల్ వాడండి, పీయూ కావాలంటే బూత్ ఉన్న షెడ్డుకు పంపండి. టబ్ లోపలా బయటా కలిపి, బానెట్, మడ్‌గార్డులతో సుమారు నాలుగు లీటర్లు పడుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడి ఎమరీ కాకుండా నీళ్ల ఎమరీతో రుద్దండి.

మొదటి స్టార్టు, మొదటి 500 కిలోమీటర్లు

20డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్, ఫిల్టర్‌తో కలిపి సుమారు 4.7 లీటర్లు పోయండి. ప్లగ్గులు పెట్టకుండా సెల్ఫ్ తిప్పి, ఆయిల్ గేజి ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. పొడి బేరింగుల మీద స్టార్టయిన ఇంజిన్ మొదటి నిమిషంలోనే సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. ఇంజిన్ వేడయ్యాక స్లోలో కనీసం 6 పీఎస్ఐ, 55 కిలోమీటర్ల వేగంలో కనీసం 20 ఉండాలి. తగ్గితే వెంటనే ఆపండి.

మొదట ఖాళీ గ్రౌండులో బ్రేకులు, తర్వాత పది కిలోమీటర్లు, వచ్చి ప్రతి డ్రమ్ము, హబ్ చేత్తో ముట్టుకుని చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే షూ పట్టిందో బేరింగు బిగువైందో తేలుతుంది. ఆక్సిల్ నిష్పత్తి 5.38, అంటే 60 దాటితే ఇంజిన్ గొంతు చించుకుంటుంది. ములుగు రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా 50 దగ్గరే ఆపండి. ఎండిన తారు రోడ్డు మీద ముందు చక్రాల గేరు (ఫోర్ వీల్) వేయొద్దు. ముందు వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగడంతో పట్టు బిగుసుకుని, గేరు బయటికి రాదు, చివరికి షాఫ్టు క్రాస్ (యూనివర్సల్ జాయింట్) విరుగుతుంది. దాన్ని గోదావరి ఇసుకకు, పొలం బురదకు దాచిపెట్టండి.

500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, చల్లటి ఇంజిన్ మీద హెడ్ బోల్టులు మళ్లీ టార్క్‌కు బిగించి, వాల్వు గ్యాపులు సరిచూడండి. కమాన్ కట్టల యూ బోల్టులు, వెనక హబ్ నట్లు, స్టీరింగ్ బాక్సు బోల్టులు కూడా అదే రోజు చూడాలి. వెనక హబ్ నట్టు లూజయితే ముందు తాళం చెక్క తెగుతుంది, ఆ తర్వాత షాఫ్టు గాడి కూడా పాడవుతుంది. నట్టు బిగించాక కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే వెనక్కి తిప్పొద్దు, ఇంకా బిగించి తర్వాతి రంధ్రానికి కలపండి.